రాత ఇంగ్లీషుకి ఆన్‌లైన్ ట్యూటర్ పనికొస్తారా? చీమకుర్తి తమ్ముడికి నా సమాధానం

ప్రశ్న అడిగిన తమ్ముడు చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. ఫోన్లో ఇంగ్లీషులో ఎలాగో నెట్టుకొస్తాడు గానీ రాయాలంటే చెయ్యి ఆడదు. బయ్యరుకి నాలుగు లైన్ల మెయిల్ రాయడానికి ముప్పావు గంట పడుతోంది. అంత కష్టపడి రాశాక మేనేజరు గారు మొత్తం చెరిపేసి తనే రాసి పంపుతున్నారు. ఆన్‌లైన్ ట్యూటర్‌ని పెట్టుకుంటే ఫలితం ఉంటుందా, డబ్బు దండగా? ఎన్నాళ్లు పడుతుంది? ఫారిన్ టీచర్ మేలా, మనవాళ్లు మేలా? "చాట్‌జీపీటీ ఉండగా నీకు ట్యూటర్ ఏందిరా" అని స్నేహితుడు నవ్వుతున్నాడట, వాడికేం చెప్పాలి? ఇవీ ఆయన సందేహాలు. కింద తను రాసిన మెయిల్ ఒకటి కూడా పెట్టారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఫలితం ఉంటుంది. కానీ ఒక షరతు. మీరు రాసింది చదివి, తప్పు ఎక్కడుందో గీత గీసి, దాన్ని మీ చేతే మళ్లీ రాయించే ట్యూటర్ దొరికితేనే పెట్టుకోండి. మీ బదులు దిద్ది ఇచ్చే ట్యూటరైతే అక్కర్లేదు, ఆ పని మీ మేనేజరు గారు ఉచితంగానే చేస్తున్నారు, దాంతో మీకు ఒక్క ముక్కా రాలేదు కదా. వారానికి ఒక క్లాసు, రెండు రాతలు, ప్రతి రాతా రెండోసారి తిరగరాయడం. మీ మెయిల్ చూస్తే ఈ లెక్కన నాలుగైదు నెలల్లో మేనేజరు చెయ్యి పెట్టకుండా పంపే స్థితికి వస్తారనిపిస్తోంది. రోజూ మెయిళ్లు రాసే ఉద్యోగం కాబట్టి ఈ మాట అంటున్నాను. రోజువారీ రాయాల్సిన పని లేనివాళ్లకి ఇంకా ఎక్కువే పడుతుంది.

నా సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. ఒంగోలులో జూనియర్ కాలేజీలో పద్నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పాను. 2020లో లాక్‌డౌన్ వచ్చి కాలేజీలు మూసేశాక ఆన్‌లైన్‌లో మొదలుపెట్టి, ఇక అక్కడే ఉండిపోయాను. ఇప్పుడు రాత ఒక్కటే నేర్పుతాను, స్పోకెన్ ఇంగ్లీష్ జోలికి పోను. నేనూ కనిగిరి వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివినదాన్నే. మనకి ఇంగ్లీషు రాత అంటే లీవ్ లెటర్ కదా. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రం ఫీవర్..." బావ పెళ్లికి పోవాలన్నా జ్వరమే, తిరుణాలకి పోవాలన్నా జ్వరమే. ఎందుకంటే నోటికొచ్చిన లెటర్ అదొక్కటే. మా క్లాసులో అరవై మందికి ఒకేసారి జ్వరం వచ్చిన రోజులున్నాయి. ఆ లెటర్‌లో ఒక్క మాట మార్చి సొంతంగా రాయమని ఏ మాస్టారూ అడగలేదు. మీ చెయ్యి ఆడకపోవడానికి మూలం అక్కడుంది, మీ తెలివిలో లోపమేమీ లేదు.

ఇప్పుడు మీ మెయిల్ చూద్దాం. మీరు రాసింది ఇది:

"డియర్ సర్, వియ్ ఆర్ హావింగ్ టూ సెంటీమీటర్ బ్లాక్ గెలాక్సీ స్లాబ్స్ ఇన్ స్టాక్ ఓన్లీ అండ్ ఆఫ్టర్ పాలిషింగ్ అండ్ టేకింగ్ ఫోటోస్ వియ్ సెండ్ టుమారో అండ్ యు చెక్ అండ్ టెల్ దెన్ వియ్ విల్ డిస్కస్ అబౌట్ ద లోడింగ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్."

దీని అడుగున ఉన్న తెలుగు నాకు స్పష్టంగా వినిపిస్తోంది. "రెండు సెంటీమీటర్ల స్లాబులు మా దగ్గర స్టాకులోనే ఉన్నాయండీ, పాలిష్ చేసి, ఫోటోలు తీసి రేపు పంపుతాం, మీరు చూసి చెప్తే అప్పుడు లోడింగ్ సంగతి మాట్లాడుకుందాం." చక్కటి తెలుగు వాక్యం. ఎక్కడా తడబాటు లేదు. అందులోని కీళ్లన్నీ యథాతథంగా ఇంగ్లీషులోకి మోసుకుపోవడమే చిక్కు.

"హావింగ్" ఎక్కడి నుంచి వచ్చింది? "ఉన్నాయి" నుంచి. మనకి కలిగి ఉండటానికి విడిగా ఒక క్రియ వాడుకలో లేదు. నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు, నా దగ్గర డబ్బు ఉంది, నాకు జ్వరంగా ఉంది, అన్నీ "ఉండు"తోనే గడిచిపోతాయి. ఆ "ఉన్న" చప్పుడు చెవిలో ఉండి, ఇంగ్లీషులో చెప్పేటప్పుడు "ఇంగ్" తగిలిస్తాం. సొంతం అని చెప్పే చోట వాళ్లు "హావ్"కి ఇంగ్ తగిలించరు.

"వియ్ సెండ్ టుమారో" కూడా అంతే. తెలుగులో "పంపుతాం" అంటే రోజూ పంపుతాం అనీ అవుతుంది, రేపు పంపుతాం అనీ అవుతుంది. అలవాటుకీ భవిష్యత్తుకీ మనకి ఒకటే రూపం. ఇంగ్లీషులో ఆ రెండూ వేరు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మన పిల్లల తప్పుల్లో మంచి వాటా సర్దుకుంటుంది. నా దగ్గరికి వచ్చిన కొత్తవాళ్లకి మొదటి క్లాసులో చెప్పేది ఇదే.

"ఓన్లీ" మాత్రం భాషతో ఆగదు, వ్యాపారం దాకా పోతుంది. "స్టాకులోనే" అనే దీర్ఘాన్ని మీరు "ఓన్లీ" చేశారు. మీ ఉద్దేశం, సరుకు సిద్ధంగా ఉంది అని. అవతలి మనిషికి ఎలా తగులుతుంది? రెండు సెంటీమీటర్లవి మాత్రమే ఉన్నాయి, మూడు సెంటీమీటర్లవి లేవు అని అనుకోవచ్చు. మూడు సెంటీమీటర్ల స్లాబులు కావాల్సిన బయ్యరైతే ఆ లైను చదివి ఇంకొకరికి మెయిల్ కొడతాడు. మీకు ఆర్డరు ఎందుకు పోయిందో కూడా తెలియదు.

ఇక ఆ "అండ్... అండ్... అండ్". చేసి, తీసి, చూసి అని మనం పూసలు గుచ్చినట్టు ఎంత దూరమైనా పోగలం. చివరి క్రియ వచ్చేదాకా వినేవాడు ఓపిగ్గా ఉంటాడు. ఇంగ్లీషులో ఆ దారం ఉండదు. ఒక్కో పనికి ఒక్కో వాక్యం కట్టి, ఎవరు చేస్తారో ముందు చెప్పాలి. మీ మెయిల్లో మూడు రకాల పనులు కలిసిపోయాయి: మీ ఫ్యాక్టరీ చేసేది, బయ్యర్ చేసేది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి చేసేది.

"డిస్కస్ అబౌట్" చిన్న తప్పు, అర్థం చెడదు. దాన్ని ఇప్పుడు పట్టించుకోకండి. కానీ "డూ ద నీడ్‌ఫుల్" దగ్గర ఆగండి. నీడ్‌ఫుల్ అంటే ఏమిటి? ఫోటోలు చూసి ఓకే చెప్పాలా, అడ్వాన్సు పంపాలా, కంటైనర్ బుక్ చేసుకోవాలా? మన ఆఫీసుల్లో ఇది నమస్కారం లాంటిది, ఎవరూ దాన్ని మాటగా చదవరు. బయటివాడు చదువుతాడు, చదివి ఏం చెయ్యాలో తెలియక ఊరుకుంటాడు.

చూశారు కదా, నాలుగు లైన్ల మీద ఇంత మాట్లాడాను, సరైన మెయిల్ మాత్రం రాసి ఇవ్వలేదు. కావాలనే.

ఎందుకో చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన మొదటి ఏడాది ఎవరు ఏది పంపినా అక్షరం అక్షరం దిద్ది, పక్కన కారణం రాసి, రాత్రి పన్నెండు దాకా కూర్చునేదాన్ని. పేజీ నిండా ఎరుపే. తల్లిదండ్రులకి అది చూస్తే సంబరం, మేడమ్ ఎంత కష్టపడుతోందో అని. కందుకూరు అబ్బాయి ఒకడు ఉండేవాడు, పొగాకు రైతుల బిడ్డ, బ్యాంకు పరీక్షలకి తయారవుతూ డిస్క్రిప్టివ్ పేపర్ కోసం నా దగ్గర లెటర్లు రాసేవాడు. మూడు నెలల తర్వాత ఒకరోజు అతని లెటర్లన్నీ వరసగా తెరిచి చూశాను. 11 లెటర్లు. అందులో 9 చోట్ల "డిస్కస్ అబౌట్" అలాగే ఉంది. తొమ్మిది సార్లూ నేను దిద్దాను, తొమ్మిది సార్లూ అతను "థ్యాంక్యూ మేడమ్" అన్నాడు. పని చేసింది నేను, నేర్చుకోవాల్సింది అతను, ఎక్కడా కలవలేదు.

తర్వాత పద్ధతి మార్చాను. తప్పున్న లైను కింద గీత మాత్రం గీస్తాను. కాలం తప్పితే ఒక గుర్తు, ఏ-యాన్-ద లాంటివి తప్పితే ఇంకొకటి, అర్థం కాకపోతే ప్రశ్నార్థకం. ఏది తప్పో వాడే కనిపెట్టాలి, తిరగరాయాలి. రెండోసారీ రాకపోతే అప్పుడు చెప్తాను. ఆ కందుకూరు అబ్బాయి గీత పడ్డ లైన్లకి "నో బిడ్" అని పేరు పెట్టాడు. పొగాకు వేలం కేంద్రంలో కొనేవాళ్లు లేక వెనక్కి తెచ్చుకునే బేళ్లని అలా అంటారు కదా. "ఈ వారం ఆరు నో బిడ్లు మేడమ్, పోయిన వారం పదకొండు" అని లెక్క చెప్పేవాడు. ఒక నోటుబుక్కు పెట్టాడు: తను రాసింది, దాని అడుగున ఉన్న తెలుగు, తిరగరాసింది. ఆ మధ్య గడి అతని ఆలోచనే. ఇప్పుడు అందరికీ అదే చెప్తున్నాను. తప్పు ఎక్కడ పుట్టిందో తెలుగులో రాసుకుంటే అది మళ్లీ వచ్చేటప్పుడు ముందే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం. చాలామంది ట్యూటర్లు గూగుల్ డాక్స్ వాడతారు. అందులో సజెషన్ పద్ధతిలో దిద్దితే పక్కన టిక్కు గుర్తు వస్తుంది, దాన్ని నొక్కితే మార్పు దానంతట అదే మీ వాక్యంలో కూర్చుంటుంది. విద్యార్థి ఏం చేస్తాడు? టక్ టక్ టక్ మని టిక్కులన్నీ నొక్కేసి మూసేస్తాడు. నేనే ఒకరి స్క్రీన్ షేర్‌లో చూశాను, 23 మార్పులు అర నిమిషంలో ఒప్పేసుకున్నాడు. అందుకే ట్యూటర్‌ని కామెంట్లు మాత్రమే పెట్టమనండి, సజెషన్లు వద్దనండి. కామెంటైతే చదివి, మీ వేళ్లతో టైపు చేస్తే గానీ వాక్యం మారదు.

మంచి ట్యూటర్‌ని ఎలా పట్టుకోవాలి అని మీరు నేరుగా అడగలేదు గానీ, అసలు ఇబ్బంది అక్కడే వస్తుంది. డెమో క్లాసులో అందరూ బాగానే మాట్లాడతారు. రాత నేర్పేవాళ్లని మాటలతో పరీక్షించలేం. డెమోకి ఒకరోజు ముందే ఒక 150 మాటల రాత పంపండి. మీ పని గురించే రాయండి: బ్లాకు క్వారీ నుంచి వచ్చిన దగ్గర నుంచి కంటైనర్‌లో ఎక్కేదాకా ఏం జరుగుతుంది అని. అది తిరిగి ఎలా వచ్చిందో చూడండి. మీ వాక్యాలన్నీ పోయి కొత్త వ్యాసం వస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. "వెరీ గుడ్, కీప్ ఇట్ అప్" అని రెండు స్పెల్లింగులు దిద్ది పంపినా అంతే. రెండు మూడు చోట్ల గీసి, "ఇక్కడ మీరు చెప్పదలచుకున్నది ఏమిటి?" అని అడిగితే ఆ మనిషిని వదలకండి. ఆ ప్రశ్న అడగాలంటే మీ రాతని నిజంగా చదివి ఉండాలి.

నా దగ్గరికి వచ్చిన నెల్లూరు అమ్మాయి ఒకామె అంతకు ముందు ఒక కంపెనీకి ఏడాది ప్యాకేజీ మొత్తం ముందే కట్టేసింది. వారానికో కొత్త టీచర్. ప్రతివాళ్లూ "ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్" దగ్గర మొదలుపెట్టేవాళ్లు. ఎనిమిది వారాలు తన పేరు, ఊరు, హాబీలు చెప్పుకుంది పాపం. రాత నేర్పాలంటే మీ పోయిన నెల తప్పు ట్యూటర్‌కి గుర్తుండాలి. టీచర్ మారిపోయే చోట, ఏడాది డబ్బు ముందే అడిగే చోట చేరకండి. నెలనెలా కట్టండి. నా వరకు నేను నెలకి 2,400 రూపాయలు తీసుకుంటాను, నాలుగు క్లాసులు, ఎనిమిది రాతలు, వాటి తిరగరాతలు. ఇది మార్కెట్ రేటని అనను, ఇంతకంటే తక్కువకీ ఎక్కువకీ చెప్పేవాళ్లున్నారు. గంటకి ఎంత అని కాకుండా, నెలకి ఎన్ని రాతలు చదివి ఇస్తారు అని అడిగి బేరం చెయ్యండి. క్లాసులో మాట్లాడే గంట కంటే, క్లాసు బయట మీ రాత మీద వాళ్లు పెట్టే అరగంటే మీకు లాభం.

ఫారిన్ టీచరా, మనవాళ్లా? మీ స్థాయిలో మొదటి నాలుగు నెలలు తెలుగు తెలిసినవాళ్లే మేలు. పైన "హావింగ్" గురించి, "పంపుతాం" గురించి చెప్పినవి లండన్‌లో పుట్టిన టీచర్‌కి తెలియవు. తప్పని చెప్పగలరు, ఎందుకు వస్తోందో చెప్పలేరు. తర్వాత మెయిల్లో మర్యాద, చనువు ఎంత పాళ్లలో ఉండాలి లాంటి సూక్ష్మాలకి వాళ్ల సాయం తీసుకోండి, రెండు మూడు క్లాసులు చాలు. అయినా ఒక మాట ఆలోచించండి. మీ బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కొనేవాళ్లలో చైనావాళ్లూ, ఇటలీవాళ్లూ ఉంటారు. వాళ్లకీ ఇంగ్లీషు అమ్మ భాష కాదు. మీరు గొప్ప గొప్ప మాటలు వాడితే వాళ్లూ డిక్షనరీ వెతుక్కోవాలి. పొట్టి వాక్యాలు, తేదీలు, కొలతలు, ఎవరు ఏం చెయ్యాలి, ఇంతే వాళ్లకి కావాల్సింది. మీకు కావాల్సిన ఇంగ్లీషు మీరు భయపడుతున్నదానికంటే చాలా చిన్నది.

చాట్‌జీపీటీ సంగతి. మీ స్నేహితుడు చెప్పిందాంట్లో సగం నిజముంది, ఒప్పుకుంటాను. అర్జెంటుగా మెయిల్ పోవాలంటే వాడుకోండి, తప్పేం లేదు. నేనూ వాడతాను. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, అది మీ వాక్యాన్ని నున్నగా చేసేటప్పుడు అర్థం జరగొచ్చు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసే నా విద్యార్థి ఒకతను "శుక్రవారానికి లోడ్ చెయ్యడానికి ప్రయత్నిస్తాం" అనే అర్థంలో ఇంగ్లీషులో వంకరటింకరగా రాసి దాన్లో వేశాడు. బయటికి వచ్చిన అందమైన మెయిల్లో "శుక్రవారం లోడ్ చేస్తాం" అని ఉంది. చూసుకోకుండా పంపేశాడు. శుక్రవారం దాటింది. అవతలివాళ్లు ఆ మెయిల్నే ముందు పెట్టి నిలదీశారు. ఇంగ్లీషు సరిగ్గా ఉంది, మాట పోయింది. అది మారిన సంగతి గుర్తుపట్టాలంటే ప్రయత్నిస్తాం, చేస్తాం అనే తేడా ఇంగ్లీషులో ఎలా ఉంటుందో అతనికి తెలిసుండాలి కదా. మీ స్నేహితుడికి ఈ ముక్క చెప్పండి.

రెండోది, నేర్చుకోవడానికి వాడితే వాడే తీరు మార్చండి. ముందు మీ సొంతంగా రాయండి. తర్వాత "దీన్ని తిరగరాయొద్దు, తప్పులున్న వాక్యాల నంబర్లు మాత్రం చెప్పు" అని అడగండి. చాలావరకు చెప్పినట్టే వింటుంది. కేంబ్రిడ్జ్ వాళ్ల రైట్ అండ్ ఇంప్రూవ్ అని ఉచితంగా దొరికే సైటు ఒకటుంది. అదీ కొంచెం ఈ దారిలోనే పోతుంది. మీరు రాసింది ఏ స్థాయిలో ఉందో చెప్పి, అనుమానం ఉన్న వాక్యాలకి రంగు వేసి చూపిస్తుంది, మీరు మార్చి మళ్లీ పెట్టొచ్చు. ట్యూటర్‌ని పెట్టుకునే ముందు నెల రోజులు దాంట్లో రాయండి. నెల రోజులు ఉచితంగా రాయనివాళ్లు డబ్బు కట్టాక కూడా రాయరు, నా అనుభవంలో ఇది దాదాపు తప్పలేదు.

పరీక్షల కోసం ఇది చదివేవాళ్లకి కూడా కొంచెం చెప్తాను, ఎలాగూ అడుగుతారు. విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో, రాత భాగంలో రెండు టాస్కులు, మొత్తం 60 నిమిషాలు. మొదటిది 150 మాటలు, రెండోది 250 మాటలు తగ్గకూడదు, రెండోదానికి విలువ రెట్టింపు. ఇంత తెలిసీ మనవాళ్లు మొదటి టాస్కులో గ్రాఫు వర్ణిస్తూ అరగంట కూర్చుంటారు. బట్టీ పట్టిన టెంప్లేట్లు అమ్మే ట్యూటర్లకి దూరంగా ఉండండి, అంతే, దాని మీద ఇంతకంటే చెప్పను.

విదేశాల్లో ఉద్యోగం కోసం నర్సులు రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ మీద మాత్రం కాస్త ఆగాలి, మన నెల్లూరు, కావలి వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు. అందులో రాతకి 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్ చదవడానికే, పెన్ను ముట్టకూడదు. తర్వాత 180 నుంచి 200 మాటల్లో ఒక లెటర్, ఎక్కువగా రోగిని ఇంకొకరి దగ్గరికి పంపే లెటర్. కావలి అమ్మాయి ఒకామె నెల్లూరులో ఐసీయూలో చేస్తూ నా దగ్గర చేరింది. ఇంగ్లీషు తప్పుల్లేవు. అయినా లెటర్ ఎప్పుడూ 290 మాటలు దాటేది. తుంటి ఎముక ఆపరేషన్ అయిన ముసలాయన్ని ఫిజియోథెరపిస్టుకి పంపాలి. ఈమె ఆయన చిన్నప్పుడు టాన్సిల్స్ తీయించుకున్నది, కొడుకు ఉద్యోగం, ఆస్పత్రిలో తిన్న భోజనం, అన్నీ రాసి చివరి పేరాలో "కాబట్టి ఫిజియోథెరపీ చెయ్యగలరు" అని వచ్చేది.

"ఏంది మేడం, నోట్స్‌లో ఉన్నాయి కదా, వదిలేస్తే మార్కులు పోవా?" అనేది.

అది మన ఉత్తరాల వరస. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, వానలు, పంటలు, దూడ ఈనిన సంగతి అయ్యాక ఆఖర్న "అన్నట్టు రెండు వేలు సర్దగలరు" అంటాం. ముందే అడిగితే మర్యాద కాదని. ఇంగ్లీషు లెటర్లో, అందులోనూ ఓఈటీలో, ఎందుకు రాస్తున్నారో మొదటి పేరాలోనే చెప్పాలి, దానికి విడిగా మార్కులున్నాయి. ఆమెకి గ్రామర్ ఒక్క ముక్క చెప్పలేదు నేను. ప్రతి వాక్యం పక్కనా ఒకే ప్రశ్న కామెంటుగా పెట్టాను: "రేపు పొద్దున ఈ తాతని నిలబెట్టి నడిపించేవాళ్లకి ఇది కావాలా?" టాన్సిల్స్ పోయాయి, కొడుకు ఉద్యోగం పోయింది. కొడుకు ఇంట్లో మెట్లున్నాయన్న సంగతి మాత్రం మిగిలింది, ఎందుకంటే నడిపించేవాళ్లకి అది కావాలి. మూడో తిరగరాతకి 194 మాటలు. ఆ ఏడు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో విద్య రొట్టె పట్టుకుంది, మరుసటి ఏడు కోరిక తీరిందని తనే రొట్టె ఇచ్చొచ్చింది. నా కామెంట్లకీ అందులో కొంచెం వాటా ఇస్తుందనుకుంటాను.

అలాగే సివిల్స్ మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు 300 మార్కులకి, 25 శాతం వస్తే చాలు, ర్యాంకులో కలవదు. దానికోసం ట్యూటర్‌కి వేలు పొయ్యకండి. ప్రెసీ, అంటే పెద్ద భాగాన్ని కుదించి రాయడం, సొంతంగా సాధన చేస్తే సరిపోతుంది.

మళ్లీ మీ దగ్గరికి. ట్యూటర్‌కి ఆఫీసు మెయిళ్లు చూపించేటప్పుడు బయ్యర్ పేరు, రేటు, బ్యాంకు వివరాలు తీసేయండి. ఒకసారి మేనేజరు గారితోనూ ఒక మాట అనండి. దాచి చేస్తే తర్వాత తెలిసి బాగుండదు. వీలైతే ఆయన్నే ఇంకో మాట అడగండి: "సార్, మీరు చెరిపేసి రాయకుండా గీత గీసి ఇవ్వండి, పది నిమిషాల్లో నేనే మార్చి తెస్తాను." నూటికి తొంభై మంది టైము లేదంటారు. ఒప్పుకునే పది మందిలో ఆయన ఉంటే మీకు ట్యూటర్ ఖర్చే తప్పుతుంది.

ఎవరికి ట్యూటర్ వద్దంటానంటే, బేసిక్ కాలాలు, అంటే నిన్న, ఇవాళ, రేపు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో కూడా రానివాళ్లకి. వాళ్లు ముందు తెలుగులో వివరించిన గ్రామర్ పుస్తకం ఏదో ఒకటి రెండు నెలలు తిరగేసి రావాలి. లేకపోతే గీతలు చూసి బెదిరిపోతారు. మీకు ఆ అవసరం లేదు. మీరు రాసిన మెయిల్లో "వియ్ విల్ డిస్కస్" సరిగ్గానే ఉంది, అంటే భవిష్యత్తు మీకు తెలుసు. పక్కనే ఉన్న "సెండ్" దగ్గర మాత్రం తెలుగు గెలిచింది.

ఇంకొకటి, టైము. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక అలిసిపోయి ఉంటారు, అప్పుడు రాయాలంటే రాదు. నా దగ్గర నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది పొద్దున ఆరింటికి ఇరవై నిమిషాలు రాసినవాళ్లే. క్లాసు మాత్రం రాత్రి పెట్టుకోండి, వినడానికి ఆ ఓపిక చాలు.

పని ఇవాళే మొదలుపెట్టొచ్చు. మీ మెయిల్‌ని నాలుగు ప్రశ్నలకి జవాబుగా తిరగరాయండి. ఒకటి, ఏ సైజు స్లాబులు ఉన్నాయి, "ఓన్లీ" లేకుండా చెప్పండి. రెండు, ఫోటోలు ఎవరు ఎప్పుడు పంపుతారు? మూడు, బయ్యర్ ఏం చెయ్యాలి, ఏ తేదీలోపు? నాలుగు, ఆ తర్వాత ఏం జరుగుతుంది? నాలుగు జవాబులు, నాలుగు వాక్యాలు, ఒక్కోదాంట్లో ఒక్క "అండ్" కంటే ఎక్కువ ఉండకూడదు. చాట్‌జీపీటీ ముట్టుకోకండి. తప్పులతోనే కింద పెట్టండి, ఆదివారం నేను గీతలు గీసి ఇస్తాను. డబ్బులేం వద్దు, మూడోసారి కూడా తిరగరాస్తానంటేనే.